అలిగిన విమానం

బామ్మర్దికి బావ దీవెనలు. (దీవెనలకి ఖర్చు లేదు కాబట్టి ధారాళంగా ఇస్తున్నాను, దాచుకో.)

ఇక్కడ మేం కులాసా. మీ అక్క మాత్రం నన్ను ఇంట్లో నిలవనివ్వడం లేదు. "నా మేనకోడలు లేచి నిలబడుతోందట, నడక మొదలెట్టేలోగా చూడాలి" అని ఒకటే పాట. మధ్యలో సముద్రం లేకపోతే నా బస్సులోనే ఎక్కించి తీసుకొచ్చేసేవాణ్ని. ఓడెక్కితే ఆవిడకి వాంతులు. ఇక మిగిలింది విమానమే.

మీ కంపెనీ కొన్న కొత్త విమానం వారంలో నాలుగు రోజులు కదలకుండా కూర్చుంటోందని మొన్న ఫోన్లో చెప్పావు చూడు, దాని గురించి బాగా ఆలోచించాను. వస్తే గిస్తే దాంట్లోనే వస్తాం. పాత విమానం ఊసెత్తకు. వచ్చే ఆదివారానికి రెండు టికెట్లు తీసేశాను కూడా.

నీ బావ

తా.క.: జవాబు మా బస్సు డిపోకి రాయి. ఇంటికి రాస్తే మీ అక్క ముందు చదివేసి, నాకు ఎంతవరకు అవసరమో అంతవరకే చెబుతుంది.

---

బావగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం చదివితే కళ్లు చెమర్చాయి. జనమంతా "కొత్తది వద్దు బాబోయ్" అని పాత విమానానికి టికెట్లు మార్చుకుంటుంటే, ఏరి కోరి దీన్నే అడిగింది మీరొక్కరే. తీరా ఆదివారం విమానాశ్రయం దాకా వచ్చి మీరిద్దరూ వెనక్కి పోవాల్సి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టుంది.

ఏం చెప్పమంటారు! మేం దానికి కొత్తల్లుడని పేరు పెట్టాం. చూడ్డానికి సన్నగా నాజూగ్గా ఉంటుంది, మధ్యలో ఒకటే నడవ. తాగే నూనె కూడా తక్కువే. అలకే జాస్తి. ఇంజను లోపల వేడి సమంగా చల్లారితే గానీ మళ్లీ స్టార్టవ్వనంటుంది. సామాన్ల తలుపు గట్టిగా మూసినా, మూయలేదని పైలట్ ముందు ఎర్రదీపం వెలిగిస్తుంది. తయారుచేసినవాళ్లకి రాస్తే "కొన్నాళ్లకి అలవాటు పడుతుంది" అని జవాబిచ్చారు. అలవాటు పడేది అదో మేమో చెప్పలేదు.

మీ ఉత్తరం మా మేనేజరుగారికి చూపించాను. ఆయన స్టాఫందరినీ పిలిచి పైకి చదివి వినిపించారు. చివర్లో ముక్కు చీదుకున్నారు.

మీ బామ్మర్ది

తా.క.: పిల్ల మంచం పట్టుకుని పక్కకి నడుస్తోంది. చెయ్యి వదిలితే మాత్రం కూలబడుతోంది.

---

బామ్మర్దికి బావ దీవెనలు.

రెండోసారి కూడా ఆగిపోయింది. నువ్వేం మనసులో పెట్టుకోకు. కౌంటర్లో అమ్మాయి చేతులు జోడించి క్షమించమంటే నేనే ఆ పిల్లని ఓదార్చాను. పాత విమానంలో పంపిస్తామన్నారు, ససేమిరా అన్నాను. ఏదో చీటీ ఇచ్చారు, మీ అక్క పర్సులో పెట్టుకుంది. ఆవిడ చిరిగిన బస్సు టికెట్టు కూడా పారెయ్యదు.

ఇంటికొచ్చి హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నాను. మీ అక్క పెట్టె విప్పి, పిల్లకి కుట్టిన గౌన్లు మళ్లీ బీరువాలో సర్దుతుంటే నాకూ అదోలా అయింది. కానీ విమానం ఆగితే నేనేం చేస్తాను చెప్పు? మళ్లీ టికెట్లు తీశాను. కొత్తల్లుడికే.

నీ బావ

తా.క.: ఎర్రదీపం సంగతి రాశావు. నా బస్సుకీ ఇలాగే ఊరికే ఒక దీపం వెలుగుతుండేది. బల్బు పీకేశాను. ఆ రోజు నుంచి మళ్లీ వెలిగితే ఒట్టు.

---

బావగారికి నమస్కారాలతో,

మీ తాజా కలం చదివి ఆ ముక్క చింపి పారేశాను. బల్బు సంగతి దయచేసి ఎక్కడా అనకండి. మా మేనేజరుగారు మీ సలహాలంటే చెవి కోసుకుంటున్నారు.

మూడోసారి కూడా ఆగినందుకు ఏ మొహం పెట్టుకుని క్షమాపణ అడగను? కానీ ఇప్పుడు శుభవార్త. విమానం తయారుచేసినవాళ్ల మనుషులొచ్చి దీపం తాలూకు పరికరం మార్చారు, ఇంజనుకి కొత్త భాగం బిగించారు. పదిహేను రోజులుగా నేనూ వాళ్లతోనే ఉన్నాను. వచ్చే ఆదివారం కొత్తల్లుడు ఎగురుతున్నాడు. మొదటి వరుసలో కిటికీ సీటు మీది, పక్కది అక్కది. మీరే మా గౌరవ ప్రయాణికుడు. మీ ఊరి విమానాశ్రయంలో మీ ఫోటో నిలువెత్తున పెట్టారు, కింద "ఈయన మమ్మల్ని నమ్మారు. మరి మీరు?" అని రాయించారు.

మీ బామ్మర్ది

తా.క.: ఫోటో మా పెళ్లి ఆల్బంలోది. మీరు కళ్లు మూసుకుని ఉన్నారు. వేరేది ఇస్తానంటే మేనేజరుగారు వద్దన్నారు. "అదే నమ్మకమంటే" అన్నారు.

---

ఒరేయ్ బామ్మర్దీ,

దీవెనలు తర్వాత. ముందు నన్ను బతికించు.

నమ్మకమూ లేదు, నా మొహమూ లేదు. అది కదలదనే దానికి టికెట్లు తీశాను రా! టికెట్లు తీసినట్టూ ఉంటుంది, మీ అక్క దగ్గర మాట దక్కినట్టూ ఉంటుంది, నేను నేల మీదే ఉన్నట్టూ ఉంటుంది అనుకున్నాను. విమానమంటే నాకు చచ్చే భయం. ఇన్నేళ్లు బస్సు తోలినవాణ్ని, ఇంకొకడు తోలుతుంటే రిక్షాలో కూడా కూర్చోలేను. పైగా బస్సుకి తేడా వస్తే పక్కకి తీసి ఆపుకుంటాను. అంత పైన పక్కకి తీసి ఆపడానికి చోటెక్కడుంది?

ఏదో ఒకటి చెప్పి ఆదివారం కూడా ఆపించెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను, వరస తప్పయినా సరే.

బావ

తా.క.: మా డిపోవాళ్లు ఆ ఫోటో చూసొచ్చారు. కండక్టరు టికెట్టు కొట్టే ముందు నాకు సెల్యూట్ చేస్తున్నాడు.

---

బావగారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. చాలాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు రాలేదు.

ఒక సంగతి మీకు తెలీదు. మూడుసార్లూ విమానాన్ని మీ వైపు రానివ్వకుండా ఇక్కడే ఆపింది నేనే. విమానం కదలాలంటే కింద సంతకం పెట్టాల్సిన మెకానిక్కుని నేనే. పైలట్ సరేనన్నా, మేనేజరుగారు బతిమాలినా పెట్టలేదు. అక్కడ ఎక్కేది మా అక్క కాకపోయినా పెట్టేవాణ్ని కాదు. అక్కేనని తెలుసు కాబట్టి ఇంకోసారి చూసి మరీ పెట్టలేదు.

ఒకసారి ఘాటు దిగేటప్పుడు బ్రేకు చప్పుడు తేడాగా ఉందని నిండు బస్సుని ఆపి, అందర్నీ ఎండలో నడిపించారట మీరు. జనం నానా తిట్లూ తిట్టారట. ఆ కథ అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో! నేనీ పనిలో చేరింది ఆ కథ విన్నాకే. అంత పైన పక్కకి ఆపే చోటు లేదు బావగారూ, నిజమే. అందుకే కిందే ఆపుతాం.

ఆదివారం మీ ఊరొచ్చి, అక్కడ కూడా చూసి నేనే సంతకం పెడుతున్నాను. రండి.

మీ బామ్మర్ది

తా.క.: బల్బు పీకలేదు. ఒట్టు.

---

బామ్మర్దికి బావ దీవెనలు, ఈసారి మనస్ఫూర్తిగా.

క్షేమంగా ఇల్లు చేరాం. నీ ముందు చెప్పలేదు గానీ, ఆ ఆదివారం ఎక్కాక కిటికీలోంచి కింద నువ్వు చెయ్యెత్తి నిలబడటం చూశాకే బెల్టు పెట్టుకున్నాను. అప్పటిదాకా దిగిపోదామనే ఉంది. ఎర్రదీపం ఒక్కటీ వెలగలేదని ఎయిర్ హోస్టెస్ సంతోషంగా చెబితే విమానం మొత్తం మీద కంగారుపడింది నేనొక్కణ్నే. దిగేటప్పుడు నా కుడికాలు తనంతట తనే బ్రేకు తొక్కింది. ముందున్న గోడ మీద నా చెప్పు ముద్ర ఉంటుంది, తుడిపించు.

పిల్ల మంచం వదిలి, ఊగి, కూలబడి, మళ్లీ లేచి, మీ అక్క వైపు ఆ రెండడుగులు వేసిందే, అది చూడకుండా పోయేవాళ్లం నా మూలంగా. మీ అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దుమ్ము పడిందని చెప్పాను గానీ మీ ఇంట్లో దుమ్మెక్కడుంది?

సరే, పోనూ రానూ ఎక్కాను, మొక్కు తీరింది. ఇక జన్మలో నేల వదలను. ఇప్పుడు దాచేదేం లేదు కాబట్టి ఈ ఉత్తరం అంటించి పోస్టు చెయ్యమని మీ అక్కకే ఇస్తున్నాను.

నీ బావ

తా.క.: తమ్ముడూ, ఇది అక్కని. మీ బావ భయం నాకు రెండో టికెట్టప్పుడే అర్థమైంది. విమానం రద్దయిందని చెప్పగానే ఆయన మొహం అలా వెలిగిపోతే ఎవరికి తెలీదు? ఆగిన ప్రతిసారీ కౌంటర్లో ఒక చీటీ ఇచ్చారు చూడు, చదివితే క్షమాపణగా ఇద్దరికి ఉచిత ప్రయాణమని ఉంది. మూడూ భద్రంగా ఉన్నాయి. పిల్ల పుట్టినరోజుకి సీట్లు రాయించు, ఆయనకి గేటు దగ్గర చెబుతాను. విమానం మాత్రం కొత్తల్లుణ్నే చూడు. ఒకవేళ ఆగితే ఇంకో చీటీ వస్తుంది.