స్లీవా, బైపాసా

ఏమండీ,

అన్నం కుక్కర్లో ఉంది. మిషను మీదున్న గౌను కోసం ఎవరైనా వస్తే, చేతులు కుట్టడం ఇంకా అవలేదని చెప్పండి.

ఒళ్ళు తగ్గే ఆపరేషను రేపు పొద్దున్నే, అందుకే ఆసుపత్రికి వెళ్తున్నాను. ఏ రకం చేయించుకుంటావని మీరు అడగనేలేదు. బైపాస్ అయితే పాత పొట్టని లోపలే ఉంచి, తిండిని పక్కదారిన పంపిస్తారట. ఉండీ లేనట్టు పడి ఉండడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకు బాగా తెలుసు. అందుకే స్లీవ్ చెయ్యమన్నాను, అందులో పొట్టని చాలావరకు కోసి తీసేస్తారు.

అన్నట్టు, మీరొస్తే గేటు దగ్గర ఎవరి కోసమని అడుగుతారు. మొన్న మీ ఆఫీసువాళ్ళకి చెప్పినట్టు "మా అక్క" అనకండి. సన్నబడ్డాక కాదు, ఇలా ఉండగానే ఒక్కసారి "మా ఆవిడ" అనండి.