సేటు తలమీద నీ జడ

రాజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చి ఇది రాస్తున్నాను.

విగ్గులకు వెంట్రుకలు కుట్టే మిషన్ నువ్వు పనిచేసే కాశిబుగ్గ కార్ఖానాకు వచ్చిన రోజు నేను మరిచిపోలేదు. "నుదుటికాడ మిషన్ కుట్టు కనపడ్తది సేటూ, అది చేత్తోనే ముడెయ్యాలె" అన్నావు. అంత మాటకే సేటు అందరి ముందు "మల్ల నా కండ్లకు కనపడకు" అని నిన్ను వెళ్లగొట్టాడు.

ఇప్పుడు ఆ సేటుకే బట్టతల. తన మిషన్ విగ్గే పెట్టుకుంటే నుదుటి మీద కుట్టు కనబడి నలుగురూ నవ్వారట. ఆ చేతిపని నీ దగ్గర నేను నేర్చుకున్నానని తెలిసి మనింటికొచ్చాడు. "జర చేత్తోని ముడెయ్యమ్మా. అక్కడక్కడ తెల్లెంట్రుకలు ఉండాలె" అన్నాడు.

నెరిసిన జుట్టు నా దగ్గర ఒక్కటే ఉంది. దవాఖానలో క్యాన్సర్ మందులకు నీ జుట్టు రాలిపోకముందే కోసి, నీకే విగ్గు చేద్దామని దాచిన జడ.

ఒక్కో వెంట్రుకా సూదితో లాగి ముడేశాను. నిన్న పెట్టుకుని చూసి, "అచ్చం నా జుట్టు లెక్కనే ఉన్నది" అని మురిసిపోయాడు.

ఎవరిదో చెప్పలేదు. చెబితే తీసి పారేస్తాడు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నిన్నే దువ్వుకోనీ. కండ్లకు కనపడకు అన్నాడుగా.

నీ చెల్లె