మందసం అని పేరుపెట్టిన పన్నెండు మిషన్లు

తమ్ముడూ, దేవుడు ఏ రోజుకారోజు కురిపించిన మన్నాను రేపటికి దాచుకుంటే పురుగు పట్టిన కథను ప్రతి ఆదివారం చర్చిలో గొంతు చించుకుని చెప్పే మీ అన్న, తన పనిచోట మిషన్లు ఎందుకు దాచాడో ఎప్పుడైనా అడిగావా?

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మీ వదినకి మోకాలినొప్పి తగ్గింది. ఇప్పుడు నన్ను తిట్టడానికి మేడమీదికే వస్తోంది. నా బీపీ సంగతి అడిగావు. మంగళవారం దాకా బాగాలేదు, ఇప్పుడు బాగుంది. ఎందుకో విను.

మా కంప్యూటర్ హాలు నీకు తెలిసిందే, నీదీ అదే పని. అంబులెన్సు పిలుపులు, ఆస్పత్రి చీటీలు, బస్సు టికెట్లు, అన్నీ ఆ రెండొందల మిషన్ల మీదే నడుస్తాయి. రద్దీ ఎక్కడ పెరిగితే అక్కడికి ఖాళీ మిషన్లను పంచే ప్రోగ్రాం ఒకటుంది. మంగళవారం మధ్యాహ్నం గాలివాన. అంబులెన్సు పిలుపులు ఆరింతలయ్యాయి. పంచడానికి మిషన్లు అయిపోయాయి. పందొమ్మిది పిలుపులు తెరమీద అలాగే ఆగిపోయాయి.

మా సూపర్‌వైజరమ్మ నా కుర్చీ వెనక నిలబడి, "పాస్టరు గారూ, ఆ మూల పన్నెండు మిషన్లు ఖాళీగా కూర్చున్నాయి. ఉపవాస ప్రార్థనా?" అంది.

ఆ ఉపాయం నీకు గొప్పగా చెప్పాను గానీ, దాని వెనకున్న భయాన్ని ఇంతకాలం నీ దగ్గర కూడా ఒప్పుకోలేదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పోయినేడు మిషన్లు చాలక నామీదికి మాటొచ్చింది కదా. ఆ భయంతో పన్నెండింటిని పక్కకి లాగి, ఆ గుంపుకి, బైబిల్లో ఎవరూ ముట్టరాని దేవుని పెట్టె పేరు, 'మందసం' అని పెట్టాను. ముట్టుకుంటే చస్తారని అందరితో వేళాకోళమాడాను. ఆ పేరున్నవాటి జోలికి పోవద్దని ప్రోగ్రాంకీ రాసిపెట్టాను. విధేయతలో అది నన్ను మించింది. అవతల మనుషులు ఊపిరాడక పిలుస్తుంటే, నా మాట జవదాటకుండా వాటి పక్కనుంచే వెళ్లిపోయింది. నా పిరికితనానికి పరిశుద్ధమైన పేరు తొడిగాను, తమ్ముడూ.

"మీరు పెట్టిన పేరు, మీరే తీయండి" అందామె. వెంటనే చెరిపాను. రెండు నిమిషాల్లో పన్నెండూ పనిలోకి దిగాయి. పందొమ్మిది మందికీ బండి చేరింది. ఒకావిడకి బండిలోనే ప్రసవమైంది, తల్లీబిడ్డా క్షేమం. నేను బల్లమీద తలపెట్టి ఏడ్చాను. సూపర్‌వైజరమ్మ టీ తెచ్చి, "ప్రసంగం తర్వాత, ముందు ఇది తాగండి" అంది.

'అన్నయ్యా, నీ మందసం ఉపాయం నేనూ పెట్టాను, ఎన్ని ఉంచమంటావు?' అని రాశావు. ఒక్కటీ వద్దు. రద్దీరోజు ముందే తెలిస్తే విశ్రాంతిదినం ముందు, ఆరోరోజున, మన్నా రెండింతలు ఏరుకున్నట్టు మిషన్లు రెండింతలు సిద్ధంచెయ్యి. అదీ అందరి కళ్లెదుట, కావలసినవాడు తీసుకునేలా. ఫోన్లో చెబితే నవ్వి వదిలేస్తావని కాగితంమీద పెట్టాను. వానాకాలం ఇంకా అయిపోలేదు. ఈ ఉత్తరం మడవకముందే లేచి వెళ్లు. ఇవాళే, ఆ పేరు చెరిపెయ్యి.

ఇట్లు,
మందసం ఖాళీచేసి హాయిగా నిద్రపోతున్న
మీ అన్నయ్య