పసుపెక్కని మడి

హన్మకొండ,
మార్చి 2

ప్రియమైన వదినకు,

అన్న పొద్దటి రైలుకు తెచ్చిచ్చిన వరి ఆకుల ఐస్ డబ్బా ముట్టింది. ఫోన్ల చెప్పినవి నాకు గుర్తుంటలేవు. అందుకే ఆకులతోని డబ్బాల ప్రతిసారి ఓ చీటి పెట్టు, నేనూ పెడత.

మన చేన్ల ఆ రెండు చిన్న మడులల్ల ఒకటి పాత వడ్లది, ఇంకొకటి మా కాలేజీ కొత్త వడ్లది గదా. గొలుకలు వచ్చి గింజ పట్టినంక కింది ఆకులు పసుపెక్కుతయ్, ఫికర్ చెయ్యకు. ముసలిదైన ఆకు తనల ఉన్న ప్రొటీన్‌ను తనే ముక్కలు చేసి గింజకు పంపుతది. ఎంత పంపుతదో కొలుసుడే నా పీహెచ్‌డీ. నీళ్లు తప్ప ఏం పెట్టకు.

నీ ఆడబిడ్డ,
శ్రావణి

స్టేషన్ ఘన్‌పూర్,
మార్చి 9

ప్రేమగల శ్రావణికి,

పసుపెక్కితే మంచిదేనంటవ్. నా పదేండ్ల సాగుల ఆకు పసుపెక్కిందంటే తెగులన్నా ఉంటది, బలం లేకనన్నా ఉంటది. పక్క చేను సదానందం మామ దినాం గట్టు మీద నిలబడి, "ఏంది సావిత్రి, ఆడబిడ్డ పేరు రాసిపెట్టి మడిని ఎండబెడతానవ్?" అంటాండు. కొత్త మడి కాడ అట్ట మీద పేరు రాసిపోయింది నువ్వే గదా. ఆకు తన కండ తానే కోసి గింజకు పెడతదట అంటే నవ్వుతాండు. నాకూ సమజ్ గాలే. చదువుకున్నదానివి, జర మంచిగ చెప్పు.

మొన్న సన్నగ కనబడ్డవ్. టైముకు తిను.

నీ వదిన,
సావిత్రి

హన్మకొండ,
మార్చి 23

ప్రియమైన వదినకు,

నాకు తల తిరుగుతాంది. పాత మడి ఆకులల్ల ప్రొటీన్ వారం వారం పడిపోతాంది. కొత్త మడిది తగ్గుతనే లేదు, ఆకు పచ్చగనే ఉంది. మూడుసార్లు కొలిచిన. మిషన్ ఖరాబైందనుకున్న, నేనే ఏదో తప్పు కలిపిననుకున్న. ముసలితనం రాని ఆకు ఏడనన్న ఉంటదా?

మా గైడ్ సారంగపాణి సార్ మాత్రం సంబురంల ఉన్నడు. ఈ వడ్లల్ల కొత్త గుణం దొరికింది, వచ్చే సోమవారం సెమినార్ల అందరి ముందట చదువుమన్నడు. వేరే కాలేజీల పెద్ద సార్లు వస్తాండ్రు. ఇది నిజమైతే నా బతుకే మారుతది వదినా. మడి కాడ ఏమన్న తేడా కనబడ్డదా? చూసింది చూసినట్టు రాయి.

శ్రావణి

స్టేషన్ ఘన్‌పూర్,
మార్చి 26

శ్రావణీ,

ఈ చీటి మూడుసార్లు రాసి చింపిన. ఇంటి ఆడబిడ్డ పేరున్న మడి పసుపెక్కుతాంటే నా మనసొప్పలే. రెండుసార్లు నీ మడికి యూరియా చల్లిన. పాత మడికి చల్లలే, దానికి ఎవరి పేరూ లేకపాయె. మీ అన్నకు గూడ తెల్వదు. నీకు మంచే చేస్తాననుకున్న. నీ సంబురం చదివిన కాన్నుంచి అన్నం దిగుతలేదు.

ఇంకో సంగతి. నీ మడి గొలుకలు పట్టి చూసిన, ఆకు పచ్చగున్నది గని గింజ సగం తాలే. పాత మడిది నిండుగున్నది. ఎంతన్న తిట్టు, రాయకుంట మాత్రం ఉండకు.

నీ వదిన

హన్మకొండ,
ఏప్రిల్ 3

ప్రియమైన వదినకు,

కోపమొచ్చే ఇన్ని రోజులు రాయలే. ఏం పెట్టకని రాస్తే గూడ పెట్టింది సూడు అని నీ మీద పండ్లు కొరికిన. ఎవ్వరికీ చెప్పకుంట చదివేద్దామని గూడ అనిపించింది, అబద్ధమెందుకు.

సోమవారం లేచి నిలబడి, "నా మడికి యూరియా పడ్డది, ఈ లెక్క తప్పు" అన్న. సార్ మొఖం మాడిపోయింది. ఒక పెద్ద సార్, "నీకెట్ల తెలిసింది?" అని అడిగిండు. "చల్లినామెనే రాసింది" అన్న. ఆయన, "అదృష్టవంతురాలివి" అన్నడు. ఆర్నెల్లు ఎనుకబడ్డ మనిషిని అదృష్టవంతురాలివంటే నాకేం సమజ్ గాలే. రూముకొచ్చి, తప్పు దాచకుంట రాసిన నీ చీటి మల్ల చదివినంక జర సమజైంది.

కోపమైతే ఇంకా పోలే. వానకాలం మల్ల నాటాలె. ఈసారి కాలేజీ పొలంలనే నాటుమని సార్ అంటాండు. నేను వద్దన్న. మా వదిన చేన్లనే నాటుత అన్న.

నీ ఆడబిడ్డ,
శ్రావణి