మాకంటే ముందు వెళుతున్న బండి

చెల్లీ,
మీ బావా నేనూ కులాసాగానే ఉన్నాం, ఇన్ని రోజుల బండి ప్రయాణానికి నా నడుము ఏమైందో మాత్రం అడక్కు. ఫోను కలవక కార్డు రాస్తున్నాను.

మొన్న చైను వదులైతే ఒక మెకానిక్ దగ్గర ఆగాం. ఆ దారిలోకి రావడం మాకదే మొదటిసారి. అతను బండిని చూస్తూనే విసుక్కున్నాడు. "నిన్నేగా బిగించాను, అప్పుడే వదులైందా?" పొరబడ్డావయ్యా అంటే, ట్యాంకు మీద మన చిన్నది అంటించిన సీతాకోకచిలుక బొమ్మ చూపించి, "దీన్ని మర్చిపోతానా అక్కా!" అన్నాడు. నవ్వుకుని వచ్చేశాం.

ఇవాళ లాడ్జిలో దిగబోతే అక్కడి ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మళ్ళీ వచ్చారేం? పాప మీద బెంగగా ఉందని పొద్దున్నే ఇంటిదారి పట్టారుగా! అయినా గదిలో కూడా హెల్మెట్లు తీయరేమమ్మా?" అంది. మీ బావ దించిన సంచులు మళ్ళీ బండికి కట్టేశాడు. మేమూ ఇప్పుడే వెనక్కి తిరుగుతున్నాం.

చిన్నదాని దగ్గు తగ్గిందా? మందు రెండుపూటలా వెయ్యి. వంటింటి కుళాయి సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు పెరటి తలుపు గడియ బాగుచేయించు.

బండి చప్పుడు వింటే చిన్నది వీధిలోకి పరుగెడుతుంది, చెయ్యి వదలకు. గుమ్మంలో ఆగింది మన బండే అయినా, పిలిచింది నా గొంతే అయినా, హెల్మెట్ తీసి ముఖం చూపించేదాకా తలుపు తీయకు.

నీకు దీవెనలు. దానికి నా ముద్దులు నువ్వే పెట్టు, ఇంకెవర్నీ పెట్టనివ్వకు.

మీ అక్క