హుండీలో పడబోయిన పాస్‌బుక్కు

అత్తా,

బాగున్నావా? నువ్వు పోయి మూడో ఏడు నడుస్తోంది. చింతామణిలో మన బొరుగుల అంగడి బాగానే ఉంది. మన ఊరు ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరింది. అన్నిటికన్నా పెద్ద మాట... నీకు మనవరాలు పుట్టింది! ఇప్పుడు పదకొండో నెల. నీ ముక్కే, నీ మొండితనమే.

బిడ్డ పుడితే తిరుపతి కొండకు వస్తానని నువ్వు కట్టిన ముడుపు దేవుడి గూట్లోనే ఉంది కదా. పాపకు పుట్టువెంట్రుకలు తీయించి, ఆ పసుపుగుడ్డ మూటను అట్లే హుండీలో వేద్దామని ప్రయాణం పెట్టుకున్నాం. "కొండెక్కేదాకా ఆ ముడి ఎవురూ ముట్టగూడదు, ముట్టినారంటే చూడు!" అని నువ్వు బెదిరించిన బెదిరింపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఎవరు ముడతారు?

అంతలో బాగేపల్లి బ్యాంకు నుంచి అంగడికి ఫోను. నీ ఖాతాలో ఏళ్ళుగా వేసిందీ లేదు, తీసిందీ లేదు, పక్కన పెట్టేశాం, ఆమె ఉన్నారా అని. నీ కొడుకు నోరు తెరిచాడు. మా అమ్మకు బ్యాంకు ఖాతా యాడిదప్పా అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. నోట్ల మూటైతే మెత్తగా ఉండాలి కదా, నీ ముడుపు అట్టలా గట్టిగా ఉందేం? నువ్వు మొదట కట్టిన ముడుపులో నోట్లను ఎలుకలు కొరికినప్పుడు నువ్వు తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి. "ఎలకలకు దేవుని దుడ్డని తెలుస్తాదా!" ఆ తర్వాతే కదా, పుట్టింటికని నెలనెలా బాగేపల్లి బస్సెక్కడం మొదలుపెట్టావు?

నీ కొడుకు ముడి విప్పనంటే విప్పనన్నాడు. కళ్ళు పోతాయట! పాపను ఒళ్ళో పెట్టుకుని, లెంపలేసుకుని నేనే విప్పాను. పాస్‌బుక్కు! అట్ట నిండా పసుపు... ఓ అత్తా, ఎంత నవ్వానో! ఆ ఫోను రాకపోయుంటే పాస్‌బుక్కు హుండీలో పడుండేది. స్వామి దాన్ని పట్టుకుని బాగేపల్లికి వచ్చేవాడా?

మర్నాడే పోయాం. మొక్కు దుడ్డు సర్కారుకు పోయిందేమోనని దారంతా నీ కొడుకును అడుగుతూనే ఉన్నాను. పాప మొక్కు తీరేదెట్లా? మేనేజరు మంచాయన. దుడ్డు ఎక్కడికీ పోలేదు, వడ్డీ కూడా పడుతోంది అన్నాడు. పదేళ్ళు ఎవరూ అడగకపోతే దిక్కులేని సొమ్ముల్లో రాస్తారట. అప్పుడైనా హక్కున్నవాళ్ళు వచ్చి అడిగితే ఇస్తారట. నీ మరణ పత్రం, నామినీ ఫోటో, గుర్తింపు కార్డు ఇస్తే చాలన్నాడు.

నామినీ అంటే తనేనని నీ కొడుకు ముందుకు జరిగాడు పాపం. మేనేజరు చదివింది నా పేరు, అత్తా. నీకు ఏమవుతుంది అన్నచోట... కూతురు అని ఉంది.

"ఇంకా ఎన్నేండ్లు ఎదురు చూడల్ల నేను?" అని మనవల కోసం నన్ను పొడిచి పొడిచి తిన్నదానివి కదా. బ్యాంకులో నన్ను కూతుర్ని చేసి, ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా పోతావా? నాకు భలే కోపం వచ్చింది. అక్కడే, అందరి ముందూ భోరున ఏడ్చాను.

కాగితాలన్నీ ఇచ్చాం, దుడ్డు చేతికొచ్చింది. కొత్త పసుపుగుడ్డలో కట్టాను. వచ్చే గురువారం కొండకు పోతున్నాం. పాప చేతనే హుండీలో వేయిస్తాను. ఎవరి ముడుపమ్మా అని స్వామి అడిగితే, మా అమ్మదని చెప్తాను.

నీ
రుక్మిణి