వెనక ఎవరూ లేని బండి

చిట్టికి,

నేను క్షేమం. మోకాళ్లూ క్షేమమే, ముందు వాటినే అడుగుతావని తెలుసు.

ఒక్కసారి పడినా ఈ మోటారు సైకిలు సరదా మానేసి ఇంటికొచ్చేస్తానని నీకు మాటిచ్చాను. నిన్న పడ్డాను. రోడ్డే లేని గుట్ట దిగుతూ, బస్సు అలవాటు కొద్దీ కాలి బ్రేకు గట్టిగా తొక్కేశాను. వెనక చక్రం జారి, నేనూ బండీ ఇసకలో పడ్డాం. ఈ శిబిరంలో గుట్టల మీద బండి నడపడం నేర్పించే అమ్మాయి పరుగెత్తుకొచ్చేసరికి నేను లేచి, వెనక్కి తిరిగి, "ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా?" అని అడుగుతున్నాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడి నోరు మరి. వెనక ఒక ముళ్ల పొద తప్ప ఎవరూ లేరు. "ఉన్నది మీరొక్కరే బాబాయ్," అంది ఆ పిల్ల. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. సాయంత్రం అదే గుట్ట మళ్లీ దిగాను, పడలేదు.

అందుకని అడుగుతున్నాను, ఇంకో రెండు వారాలు ఉండనివ్వు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? బీరువా కింది అరలో నా ఖాకీ ప్యాంట్లున్నాయి, రెండు పంపు. ఇక్కడున్నది చిరిగింది. పెద్దమ్మాయికీ పిల్లలకీ ఆశీస్సులు. మీ అన్నయ్యకు మాత్రం నేను పడిన సంగతి చెప్పకు, డిపో అంతా చాటేస్తాడు.

బెంగ పెట్టుకోకు. ఇన్నేళ్లూ నా బండి ఎక్కినవాళ్లందరినీ క్షేమంగానే దింపాను. ఇప్పుడు ఎక్కింది ఒక్కడే. వాణ్ణి కూడా మన గుమ్మం ముందు దింపుతాను.

నీ డ్రైవరు